ఏ రుజువూ కాని ఫోటో

తెలుగులో ఫోటో చుట్టూ చాలాకాలంగా మూడు క్రియలున్నాయి. ఫోటో తీస్తారు, తీయించుకుంటారు, దిగుతారు. తీసేవాళ్ళ చేతిలో యంత్రం ఉంటుంది. తీయించుకునేవాళ్ళ దగ్గర డబ్బుంటుంది. దిగేవాళ్ళకు చెప్పినచోట నిలబడటం తప్ప వేరే పని ఉండదు. మన ఆడవాళ్ళు తరతరాలుగా ఎక్కువగా ఫోటో దిగారు. తీసింది తక్కువ, తమంతట తాము తీయించుకున్నది ఇంకా తక్కువ. ఈ పదిహేనేళ్ళలో నాలుగో క్రియ ఒకటి వచ్చి చేరింది. ఫోటో ‘పెట్టడం’. అన్నం పెట్టడం, బొట్టు పెట్టడం, దీపం పెట్టడం వంటి మాటల్లో ఈ క్రియ ఆడవాళ్ళకు బాగా అలవాటైనదే. కానీ తన ముఖాన్ని తానే తీసుకెళ్ళి లోకం ముందు పెట్టడం అనేది మాత్రం వాళ్ళకు కొత్త.

ఇన్‌స్టాగ్రామ్ ఎప్పుడు మొదలైందంటే కెవిన్ సిస్ట్రోమ్, మైక్ క్రీగర్ అనే ఇద్దరు యువకులు 2010 అక్టోబరు 6న దాన్ని అమెరికాలో విడుదల చేశారని ఎవరైనా చెబుతారు. అది కంపెనీ చరిత్ర. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన కూడా గట్టిగా పడని అనంతపురం పీఠభూమి మీద, వేరుశనగ చేలల్లో కలుపు తీసే ఒక స్త్రీ అందులో ఖాతా తెరిచినప్పుడు ఏది మొదలవుతుందో చెప్పడానికి ఆ తేదీ సరిపోదు. అంతకుముందు ఆమె బొమ్మ ఎవరెవరి చేతుల్లో ఉంది, ఏ పనికి ఉపయోగపడింది అనే చరిత్ర ముందు చూడాలి. ఆ చరిత్ర తెలియకపోతే ఆమె ‘స్టార్ట్’ నొక్కడంలోని తెగువ మనకు అర్థం కాదు.

ఈ నేల మీద స్త్రీల బొమ్మలకు కొదవేమీ లేదు. ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్న లేపాక్షి 2022 ఏప్రిల్ దాకా అనంతపురం జిల్లాలోదే. అక్కడి వీరభద్రాలయం పైకప్పు నిండా 16వ శతాబ్దపు వర్ణచిత్రాలున్నాయి. వాటిలో రకరకాల అంచులున్న చీరలు కట్టుకుని, కొప్పులు పెట్టుకుని వరసగా నిలబడిన స్త్రీలున్నారు. ఆ చీరల అంచులను చూసి నేటి నేతగాళ్ళు డిజైన్లు గీసుకుంటారు. గుడి కట్టించిన విరుపణ్ణ, వీరణ్ణ సోదరుల పేర్లు మనకు తెలుసు. వాళ్ళు ఏ రాజు కింద పనిచేశారో తెలుసు. ఆ స్త్రీలు ఎవరో తెలియదు. బొమ్మ మిగిలింది, పేరు మిగల్లేదు. చిత్రం నుంచి ఫోటోకి వచ్చాక కూడా చాలాకాలం ఇదే పద్ధతి నడిచింది.

ఫోటో వచ్చిన తొలి రోజుల్లో బొమ్మ ఎవరి కంట పడుతుందన్నది పెద్ద భయం. పరదా పాటించే ఇళ్ళలో మరీ ఎక్కువ. రాజా దీన్ దయాళ్ 1892లో హైదరాబాదులో స్త్రీలకోసం ప్రత్యేకంగా జెనానా స్టూడియో తెరిచాడు. దాన్ని నడిపింది కెన్నీ లెవిక్ అనే ఇంగ్లీషు మహిళ. ఫోటో తీసేది ఆడమనిషే, లోపలికి పరాయి మగవాడి అడుగు పడదు అన్న హామీ మీద ఆ స్టూడియో నిలబడింది. ఇప్పటి మాటల్లో చెప్పాలంటే అదొక ‘ప్రైవేట్ ఖాతా’. అయితే ఆ గోడలు కట్టుకునే స్తోమత నవాబుల, జమీందారుల ఇళ్ళకే ఉంది. పొలంలో, వీధిలో, బావి గట్టున ఉండే స్త్రీకి ఆ గోడలు లేవు. ఆమె బొమ్మ ఎవరు కావాలంటే వాళ్ళు తీసుకోగలిగింది. అంతఃపుర స్త్రీ కెమెరాకు కనబడకూడదు, కూలి స్త్రీ కెమెరాకు అడ్డు చెప్పకూడదు. రెండూ ఒకే పితృస్వామ్యం పెట్టిన నియమాలే. కులం, వర్గం వాటిని పంచిపెట్టాయి, అంతే.

మధ్యతరగతి ఇళ్ళలోకి ఫోటో పెళ్ళిచూపుల దారిన వచ్చింది. ఫోటో దిగితే ఆయుస్సు తగ్గుతుందని అమ్మాయిలను వారించిన పెద్దవాళ్ళే, పెళ్ళీడు రాగానే స్టూడియోకి తీసుకుపోయారు. పూలజడ కనిపించేలా పక్కకు తిప్పి, వెనక అద్దమో పూలకుండీయో పెట్టి తీయించారు. ఆ ఫోటో కవరులో బయలుదేరి పెళ్ళిళ్ళ పేరయ్య సంచిలోంచి ఈ ఊరు, ఆ ఊరు తిరిగేది. ముక్కూ మొగమూ తెలియని ఇళ్ళలో అత్తలు, ఆడపడుచులు, మేనమామలు దాన్ని చేతులు మార్చుకుంటూ చూసేవాళ్ళు. రంగు తక్కువన్నారు, పొట్టి అన్నారు, పళ్ళు ఎత్తన్నారు. ఫోటోలు పంచుకోవడం, ముక్కూ మొగమూ తెలియనివాళ్ళు వ్యాఖ్యానించడం కంప్యూటర్ వాళ్ళు కనిపెట్టిన విషయాలు కావు. మన అక్కలకూ అమ్మలకూ అది అనుభవమే. తిరిగివచ్చిన ఫోటో ఎన్ని చేతులు మారిందో ఆ అమ్మాయికి ఎవరూ చెప్పలేదు.

అనంతపురం విషయానికొస్తే ఇక్కడ ఫోటోలు సముద్రాలు కూడా దాటాయి. విన్సెంట్ ఫెర్రర్, ఆన్ ఫెర్రర్ 1969లో అనంతపురం వచ్చి మొదలుపెట్టిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ ఈ జిల్లాలో బడులు, ఆస్పత్రులు, ఇళ్ళు కట్టింది. దాని పనికి పెద్ద ఆధారం స్పెయిన్‌లోని వేలాది మామూలు కుటుంబాలు. ఒక్కొక్క కుటుంబం ఇక్కడి ఒక్కొక్క బిడ్డకు తోడుగా నిలబడింది. ఆ బిడ్డ ఫోటో ఆ ఇంటికి వెళ్ళేది. ఆర్డీటీ సాయంతో చదువుకున్న దళిత, వెనుకబడిన కులాల ఆడపిల్లలు ఎందరో ఇవాళ ఉద్యోగాల్లో ఉన్నారు. ఆ మేలును తక్కువ చేయనక్కరలేదు. ఆ ఫోటో తీరును మాత్రం గమనించాలి. ఎక్కడో బార్సిలోనాలో ఒక వంటింటి గోడ మీద తన చిన్నప్పటి ముఖం ఉందని ఆ పిల్లకు తెలుసు. సాయం చేరిందనడానికి, బిడ్డ పెరుగుతోందనడానికి ఆ ముఖం గుర్తు.

ఇక కరువు ఫోటోలు. నెర్రెలిచ్చిన నేల, ఖాళీ బిందె, ఎండకు కళ్ళు చికిలించిన స్త్రీ. అనంతపురం అనగానే పత్రికలు వేసే బొమ్మ ఇదే. రైతుల ఆత్మహత్యలు పెరిగిన కాలంలో ఇంకో బొమ్మ దీనికి తోడైంది. చనిపోయిన భర్త ఫోటోను ఒళ్ళో పెట్టుకుని గడపలో కూర్చున్న భార్య. ఫోటోలో ఫోటో. 2004లో రాష్ట్ర ప్రభుత్వం 421 నంబరు జీవో కింద ఆత్మహత్య చేసుకున్న రైతు కుటుంబానికి లక్షన్నర రూపాయల సాయం ప్రకటించింది. అది రావాలంటే అది రైతు ఆత్మహత్యే అని అధికారులు నమ్మాలి. కెమెరా ముందు నవ్వితే ఆమెను ఎవరూ నమ్మరు. దుఃఖం ఉండటం చాలదు, దుఃఖం కనబడాలి. ఆ ఫోటోలు తీసిన విలేకరుల్లో చాలామంది మంచి ఉద్దేశంతోనే తీశారు. వాటివల్ల కొన్ని పనులు జరిగాయి కూడా. కానీ వాటన్నిటినీ వరసగా పెట్టి చూస్తే ఈ పీఠభూమి స్త్రీకి ఏడుపు తప్ప మరో ముఖం లేదని పరాయివాళ్ళు అనుకుంటారు.

ఆ తర్వాత ప్రభుత్వమే నేరుగా ఆమె ఫోటో అడిగింది. జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకాన్ని 2006 ఫిబ్రవరి 2న నార్పల మండలం బండ్లపల్లిలో ప్రధాని మన్మోహన్ సింగ్, సోనియా గాంధీ ప్రారంభించారు. దేశం మొత్తానికి ఆ పథకం మొదలైంది మన అనంతపురం నేల మీదే. జాబ్ కార్డు మీద పని అడిగిన వాళ్ళ ఫోటో అంటించాలి. ఎంతోమంది కూలి స్త్రీలకు ఓటరు కార్డు తర్వాత తమ ముఖం ఉన్న కాగితం అదే. పెళ్ళి ఫోటో కూడా లేని ఇళ్ళలో జాబ్ కార్డు ఫోటోయే ఇంటావిడకున్న ఏకైక ఫోటో అయిన సందర్భాలున్నాయి. ఆమె చనిపోతే దాన్నే పెద్దది చేయించి దండ వేశారు.

కరువు పని అని మన ఊళ్ళలో పిలుచుకునే ఆ పనిలోకి 2021 మే నెలలో ఒక మొబైల్ ఆప్ వచ్చింది. ఎన్.ఎం.ఎం.ఎస్. అని దాని పొట్టి పేరు. పనిచోట ఉన్నవాళ్ళ ఫోటో రోజుకు రెండుసార్లు, సమయమూ స్థలమూ నమోదయ్యేలా తీసి అప్‌లోడ్ చేయాలి. 2023 జనవరి 1 నుంచి అన్ని పనిచోట్లా దీన్ని తప్పనిసరి చేశారు. సిగ్నల్ అందకపోతే, మేట్ ఫోను సతాయిస్తే, పొద్దున్నే వచ్చి మట్టి తవ్వి పోయినవాళ్ళు కూడా రెండో ఫోటో కోసం మళ్ళీ రావలసి వచ్చింది. ఫోటో ఎక్కకపోతే హాజరు లేదు, హాజరు లేకపోతే కూలి లేదు. కూలీలు 2023లో ఢిల్లీ జంతర్ మంతర్ దగ్గర నెలల తరబడి ధర్నా చేసినప్పుడు ఎత్తివేయమన్న వాటిలో ఈ ఆప్ ఒకటి. ఇంత చేసినా ఆ ఫోటోలు మోసాన్ని ఆపలేకపోయాయి. 2025 జులైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే రాష్ట్రాలకు ఒక ఉత్తరం రాసింది. పనికి సంబంధం లేని ఫోటోలు ఎక్కిస్తున్నారని, ఫోటోకే ఫోటో తీసి పంపుతున్నారని, మస్టర్‌లో ఉన్న ఆడా మగా లెక్కకూ ఫోటోలో ఉన్న లెక్కకూ పొంతన లేదని అందులో ఒప్పుకుంది. అంటే, పని చేసిన స్త్రీ ఫోటోలో లేకపోవచ్చు, ఫోటోలో ఉన్న స్త్రీ పనిలో లేకపోవచ్చు. 2025 డిసెంబరులో ఆ ఉపాధి చట్టం స్థానంలో పార్లమెంటు మరో చట్టం తెచ్చింది. చట్టం మారింది కానీ, ఆడమనిషి మాటకన్నా ఆమె ఫోటోని ఎక్కువ నమ్మే అలవాటు దానితోపాటు పోతుందని నేననుకోను.

ఇప్పటిదాకా చెప్పిన ఫోటోలన్నిటికీ ఒక పోలిక ఉంది. పెళ్ళిచూపుల ఫోటో అందానికి రుజువు. స్పాన్సర్‌కి వెళ్ళిన ఫోటో సాయం అందిందనడానికి రుజువు. పత్రికలో ఫోటో కరువుకు రుజువు. జాబ్ కార్డు ఫోటో మనిషి ఉందనడానికి, మస్టర్ ఫోటో పనికి వచ్చిందనడానికి రుజువు. అన్నీ ఎవరో అడిగితే ఇచ్చినవి. తనకు బాగుందనిపించి, ఎవరికీ ఏదీ నిరూపించనక్కరలేకుండా తీసుకున్న ఫోటో ఈ వరసలో ఒక్కటీ లేదు.

మరి ఆ ఖాళీలోకి ఇన్‌స్టాగ్రామ్ ఎలా వచ్చింది? అంతకుముందు ఇలాంటి పని కొడాక్ చేసింది. జార్జ్ ఈస్ట్‌మన్ 1888లో అమ్మిన మొదటి కొడాక్ కెమెరాలో నూరు ఫోటోలకు సరిపడా ఫిల్ము ఉండేది. అయిపోగానే కెమెరానే కంపెనీకి పంపితే వాళ్ళే కడిగి, ముద్రించి, కొత్త ఫిల్ము వేసి తిరిగి పంపేవాళ్ళు. మీట నొక్కడం ఒక్కటే మనపని. 1893 నుంచి ఆ కంపెనీ తన ప్రకటనల్లో కెమెరా పట్టుకున్న అమ్మాయిని పెట్టింది. ఆడవాళ్ళను ఫోటోలు తీసేవాళ్ళుగా చూపించిన తొలి ప్రకటనలు అవే అనుకోవచ్చు, కానీ వాళ్ళు తీయవలసింది పిల్లల్నీ పండగల్నీ అని కూడా అవే నేర్పాయి. ఆ కొడాక్ 2012 జనవరిలో దివాలా పిటిషన్ వేసింది. అదే ఏడాది ఏప్రిల్‌లో పదమూడు మంది పనిచేసే ఇన్‌స్టాగ్రామ్‌ని ఫేస్‌బుక్ 100 కోట్ల డాలర్లకు కొన్నది. మీట నొక్కడం ఇప్పటికీ మనపనే. మిగిలిందంతా, అంటే ఫోటోను దాచడం, ఎవరికి చూపించాలో ఎంచడం, దాని పక్కన ఏ ప్రకటన వేయాలో తేల్చడం, ఇప్పటికీ కంపెనీ పనే. కొడాక్ కనీసం కెమెరాను తిరిగి పంపేది.

ఆంధ్ర పల్లెలకు ఇది చేరడానికి మరో నాలుగేళ్ళు పట్టింది. 2016 సెప్టెంబరులో జియో వచ్చి ఇంటర్నెట్ చవకైంది. మొదట పల్లె స్త్రీలు పెద్ద సంఖ్యలో కనబడింది టిక్‌టాక్‌లో. పొలం గట్ల మీద, వంటింట్లో, గొర్రెల మంద మధ్య పాటలకు అభినయించిన వాళ్ళను చూసి పట్నాలవాళ్ళు నవ్వుకున్నారు. ఆ నవ్వులో కులం ఉంది, యాస మీద చులకన ఉంది. 2020 జూన్ 29న ప్రభుత్వం టిక్‌టాక్‌ను నిషేధించింది. పది రోజులు తిరక్కుండా, జులై 8న, ఇన్‌స్టాగ్రామ్ మనదేశంలో రీల్స్ మొదలుపెట్టింది. పల్లె స్త్రీల్లో చాలామంది అలా ఇన్‌స్టాగ్రామ్‌లోకి వచ్చిపడ్డారు. తాము ఎంచుకుని రాలేదు, ఉన్న ఇల్లు కూలిపోతే పక్కింట్లోకి వచ్చారు.

చాలామంది అన్నాను గానీ, ఎంతమంది? అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, అంటే 2019-21 నాటికి, ఆంధ్రప్రదేశ్‌లో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన స్త్రీలు 21 శాతం. పురుషులు 48.8 శాతం. తాము స్వయంగా వాడుకునే మొబైల్ ఫోను ఉన్న స్త్రీలు 48.9 శాతం. ఆ తర్వాత ఈ అంకెలు పెరిగే ఉంటాయి. కానీ ఆ తేడా మాత్రం గుర్తుంచుకోదగ్గది. ఇంట్లో ఫోను ఉండటం వేరు, అది ఆమె చేతిలో ఉండటం వేరు. మొగుడు పడుకున్నాక, కొడుకు స్నానానికి వెళ్ళినప్పుడు, కూతురు కాలేజీ నుంచి వచ్చాక దొరికే ఫోనులో ‘నా ఖాతా’ అనే మాటకు అర్థం సగమే.

ఖాతా తెరవడం చాలా తేలికని అందరూ అంటారు. ఆ తేలిక పని మొదటి మెట్టులోనే ఏం జరుగుతుందో నేను దగ్గర నుంచి చూశాను. మా బంధువుల్లో డిగ్రీ చదివే అమ్మాయి ఒకరోజు వాళ్ళమ్మకు ఖాతా తెరిచి పెట్టింది. ఆమె వేసవిలో కరువు పనికీ, వానలు పడితే చేలోకీ పోయే మనిషి.

“నీ పేరు ఏం పెట్టల్లమ్మా?”

“నా పేరెందుకులే పాపా, మీ నాయన పేరు పెట్టు.”

అందులో తెలుగులో పేరు పెట్టడం కుదరదని ఆ పిల్ల చెప్పింది. నిజమే, యూజర్ నేమ్‌కి ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, చుక్క, కింది గీత మాత్రమే పనికొస్తాయి. దాని కింద చూపించే పేరు మాత్రం తెలుగులో రాసుకోవచ్చు. కాబట్టి వేలిముద్ర నుంచి సంతకానికి వయోజన విద్యలో కష్టపడి వచ్చిన ఆవిడకు, ఆ నేర్చిన అక్షరాలు ఈ గుమ్మం దగ్గర చెల్లలేదు. చివరికి తల్లి పేరూ ఊరి పేరూ కలిపి, వెనక ఏవో అంకెలు తగిలించి ఏదో ఒకటి కుదిరింది. ఏ కాగితంలోనూ ‘భార్య ఆఫ్’ అనకుండా ఆమె పేరు రాయడం అదే మొదటిసారి అని ఆ పిల్లే అన్నది. మాటవరసకి అన్నదే గానీ నాకు చాలాకాలం గుర్తుండిపోయింది.

రెండో మెట్టు ముఖచిత్రం. మన ఆడవాళ్ళ ఖాతాలు చూడండి. గులాబీ పువ్వు, వెంకటేశ్వరస్వామి, పసిబిడ్డ, సినిమా హీరోయిన్. దీన్ని వెనకబాటుతనం అనుకుంటే పొరపాటు. అది వాళ్ళు కట్టుకున్న జెనానా గోడ. మూడో మెట్టు, ఖాతా అందరికీ తెరిచి ఉంచడమా, మూసి ఉంచడమా. పెద్దవాళ్ళు తెరిచే ఖాతా ఎవరూ మార్చకపోతే అందరికీ తెరిచే ఉంటుంది. మూయాలంటే సెట్టింగుల్లోకి వెళ్ళి మనమే మూసుకోవాలి. తలుపు తీసి ఉంచడం మామూలు, వేసుకోవడం ప్రత్యేకం అనుకునే ఇల్లు ఆడది కట్టినది కాదని చెప్పనక్కరలేదు. పోనీ మూశాక? రిక్వెస్టులు వస్తాయి. పరాయివాళ్ళను కాదనడం సులువు. మరిది రిక్వెస్టు పెడతాడు, ఆడపడుచు మొగుడు పెడతాడు, ఊరి సర్పంచి కొడుకు పెడతాడు. ఒప్పుకోకపోతే ‘మేమేం పరాయివాళ్ళమా’ అని పంచాయితీ. ఒప్పుకుంటే ప్రతి ఫోటోకీ ఇంట్లో లెక్క చెప్పాలి. ఏ కంపెనీ తయారుచేసిన మీటా ఈ సమస్యను తీర్చదు. బంధుత్వం అనే పాత నెట్‌వర్క్ ఈ కొత్త నెట్‌వర్క్‌కన్నా బలమైనది.

ఆ తల్లి పెట్టిన మొదటి ఫోటో గురించి చెప్పాలి. 2024 వేసవిలో ఆమెతో పాటు పనికి పోయిన ఆడవాళ్ళ ఫోటోలు ఒకే రోజు రెండు రకాలుగా ఉన్నాయి. ఒకటి మేట్ తీసింది. వరసగా, బిగుసుకుపోయి, తల మీద తువ్వాలు, చేతిలో గడ్డపార, కళ్ళు ఎండకు సగం మూసుకుని. రెండోది వాళ్ళలోనే ఒకామె తీసింది. చింతచెట్టు కింద సద్దిమూటలు విప్పుకుని కూర్చున్నారు. ఒకామె నోట్లో ముద్ద పెట్టుకోబోతూ ఎవరి మాటకో పగలబడి నవ్వుతోంది. ఇంకొకామె కొంగు అడ్డం పెట్టుకుంది. అదే రోజు, అదే చోటు, అదే మనుషులు. మొదటి ఫోటోకి కూలి వస్తుంది. రెండోదానికి ఏమీ రాదు. ఆమె పెట్టింది రెండోది. దాని కింద మాట ఏమీ రాయలేదు. అది ఏ రుజువూ కాదు. కరువు నేల మీద ఆడవాళ్ళు నవ్వుతారని ఎవరికైనా నిరూపించాలని కూడా ఆమె పెట్టలేదు. బాగుందని పెట్టింది. ఆ ‘బాగుంది’ అనే మాట కోసం ఇంత చరిత్ర చెప్పవలసి వచ్చింది.

అయితే ఇక్కడితో సంబరపడి ఆగిపోలేం. బొమ్మను పెట్టే చేయి ఆమెదైనా, ఎత్తుకుపోయే చేతులు చాలా ఉన్నాయి. 2021 జులైలో ఒకసారి, 2022 జనవరి 1న ఇంకోసారి, మాట్లాడే ముస్లిం స్త్రీల ఫోటోలను వాళ్ళ ఖాతాల నుంచి తీసుకుని ‘వేలం’ పెట్టిన ఆప్‌లు తయారుచేశారు. విలేకరులు, విద్యార్థినులు, కార్యకర్తలు అందులో ఉన్నారు. వాళ్ళు తమకు తాముగా, ఇష్టపడి పెట్టుకున్న ఫోటోలే వాళ్ళను అవమానించడానికి సామగ్రి అయ్యాయి. రాయలసీమకు ఇంకా దగ్గరి విషయం ఒకటి ఉంది. కదిరి, రాయచోటి వైపు నుంచి ఎంతోమంది స్త్రీలు ఇంటిపనికి కువైట్ వెళ్తారు. అదే కువైట్‌లో ఇంటిపని మనుషులను ఫోటోలు పెట్టి, చేతులు మార్చుకుంటూ అమ్ముతున్నారని 2019 అక్టోబరు చివర్లో బీబీసీ అరబిక్ బయటపెట్టింది. ఆ ఫోటోలు పెట్టిన చోట్లలో ఇన్‌స్టాగ్రామ్ ఒకటి. బీబీసీ అడిగాక కంపెనీ ఒక హ్యాష్‌ట్యాగ్‌ను నిషేధించింది. సంతలో పశువుకు పట్టే వెలకూ, పెళ్ళిచూపుల ఫోటో చేతులు మారిన తీరుకూ, దీనికీ మధ్య దూరం మనం అనుకున్నంత లేదు. కువైట్ నుంచి తల్లి ఇంటికి పంపే నవ్వు ముఖం ఫోటోకీ, ఆమెను అమ్మజూపే ఫోటోకీ ఆప్ ఒకటే కావచ్చు.

అందువల్ల మొదలుపెట్టే స్త్రీకి మనం చెప్పగలిగింది ‘జాగ్రత్త’ అన్న ఒక్క మాటే అయితే అది చాలదు. జాగ్రత్త పేరుతో ఆడవాళ్ళను ఇంట్లో కూర్చోబెట్టిన చరిత్ర మనకు బాగా తెలుసు. ఖాతా మూసుకోవడం, ఊరూ చోటూ నమోదు కాకుండా చూసుకోవడం, పాస్‌వర్డ్ కొడుక్కీ మొగుడికీ ఇవ్వకపోవడం, ఎవరైనా వేధిస్తే జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో ఫిర్యాదు చేయవచ్చని తెలిసి ఉండటం, ఇవన్నీ అవసరమే. అంతకన్నా అవసరమైనది ఆమె ఒంటరిగా మొదలుపెట్టకుండా ఉండటం. దీనికి మన తెలుగు నేల మీదే ఒక పాఠం ఉంది.

జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లో ఉన్న దళిత స్త్రీలు వీడియో కెమెరా నేర్చుకున్నారు. 2001లో వాళ్ళ కమ్యూనిటీ మీడియా ట్రస్ట్ ఏర్పడింది. వరంగల్ రైతుల మీద బీటీ పత్తి ప్రభావం గురించి వాళ్ళు తీసిన సినిమా దేశదేశాలు తిరిగింది. 2008 అక్టోబరు 15న వాళ్ళ సంఘం రేడియో మొదలైంది. వాళ్ళు కెమెరా కోణాలకు తమ సొంత పేర్లు పెట్టుకున్నారు. పైనుంచి కిందికి చూసేది పటేల్ షాట్, ఎందుకంటే పటేల్ తమను అలాగే చూసేవాడు. కింది నుంచి పైకి చూసేది బానిస చూపు. ఎదుటి మనిషి కళ్ళకు సమానమైన ఎత్తులో నిలిపి తీసేది సంఘం షాట్, ఎందుకంటే సంఘంలో అందరూ సమానంగా కూర్చుంటారు. చలనచిత్ర శాస్త్రం పుస్తకాలన్నీ కలిసి ఇంత సూటిగా చెప్పలేదు.

ఈ పేర్లతో ఇప్పుడు మన ఫోటోలను చూస్తే కొన్ని విషయాలు తేటపడతాయి. మేట్ నేల మీదే నిలబడి తీసినా మస్టర్ ఫోటో పటేల్ షాటే. చేయి పైకి ఎత్తి, సన్నగా తెల్లగా కనబడేలా, చామనఛాయను కడిగేసే ఫిల్టర్ వేసి తీసుకున్న సెల్ఫీలో కూడా పటేల్ పూర్తిగా పోలేదు. తనను తాను పైనుంచి చూసుకోవడం నేర్పింది ఎవరని అడగాలి. చింతచెట్టు కింద తీసిన ఫోటో మాత్రం సంఘం షాట్. తీసినామెకూ దిగినవాళ్ళకూ మధ్య ఎత్తు తేడా లేదు. నిజానికి స్వయం సహాయక సంఘాలున్న ఊళ్ళలో ఈ మొదలుపెట్టడాన్ని కూడా సంఘం పనిగా చేసుకోవచ్చు. పొదుపు ఎలా పదిమంది కలిసి నేర్చుకున్నారో, ఫోటోను ఎవరు చూడాలో తేల్చుకోవడం కూడా పదిమంది కూర్చుని నేర్చుకోవచ్చు. మరిది రిక్వెస్టును ఒకామె కాదంటే తగువు అవుతుంది. ‘మా సంఘంలో అందరం ఆడవాళ్ళనే పెట్టుకున్నాం’ అంటే అది కట్టుబాటు అవుతుంది.

చివరిగా, రాసేవాళ్ళం, చదువు చెప్పేవాళ్ళం అయిన మన సంగతి. స్త్రీశక్తి సంఘటన 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ తెచ్చినప్పుడు తెలంగాణ పోరాట స్త్రీలను వెతుక్కుంటూ వెళ్ళి వాళ్ళ మాటల్లోనే వాళ్ళ కథ వినవలసి వచ్చింది. పీఠభూమి స్త్రీలు ఇప్పుడు తమ రోజువారీ బతుకును తామే బొమ్మల్లో పెట్టుకుంటున్నారు. 24 గంటల్లో మాయమయ్యే స్టోరీల్లో, పాస్‌వర్డ్ మరిచిపోయిన ఖాతాల్లో, పాతబడి పాడైన ఫోన్లలో అది రోజూ పోతూనే ఉంది. దాచాలనే ఆరాటం మనకు కలగడం సహజం. కానీ మనం వాటిని స్క్రీన్‌షాట్లు తీసి, పరిశోధనా వ్యాసంలో ‘సబాల్టర్న్ స్త్రీ కర్తృత్వం’ అని పేరు పెడితే, ఏ రుజువూ కాకుండా మిగిలిన ఆ ఒక్క ఫోటోను కూడా మనం రుజువు చేసేసినట్టే. చింతచెట్టు కింద ఫోటో గురించి ఇక్కడ రాసే ముందు ఆ తల్లిని అడిగాను. “రాయి, ఫోటో మాత్రం వేయొద్దు, మా వాళ్ళనందరినీ అడగల్ల గదా” అన్నది. అందుకే ఈ వ్యాసంతో ఫోటో లేదు. అడగకుండా వేసిన ఫోటోలు మన చరిత్రలో ఇప్పటికే చాలా ఉన్నాయి.